ఊరి పంతులు పేరు ఊళ్ళు దాటింది

మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా ఉంది. అక్కడ పరితేవాడి ఒక చిన్న ఊరు. 2009లో రంజిత్‌సింహ్ డిసలే ఆ ఊరి బడికి పంతులుగా వచ్చారు. బడి పాడుబడి ఉంది. పక్కనే పశువుల కొట్టం. పిల్లలు ఇంట్లో మాట్లాడేది కన్నడం. పుస్తకాల భాష వేరు. పాఠం అర్థం కాకపోతే పిల్లలు బడికి ఎందుకు వస్తారు?

పంతులుగారు ముందు తాను కన్నడం నేర్చుకున్నారు. పాఠాలను కన్నడంలో రాశారు. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్ పెట్టారు. అంటే నలుపు తెలుపు గళ్ళ గుర్తు. దుకాణంలో డబ్బు కట్టడానికి ఫోను చూపిస్తామే, అలాంటిదే. దానికి ఫోను చూపిస్తే పాట, పాఠం వినిపిస్తాయి. చదువురాని తల్లి కూడా బిడ్డతో కలిసి వినవచ్చు.

ఈ విద్యను ఆయన దాచుకోలేదు. ఇంటర్నెట్ ద్వారా నలుగురితో పంచుకున్నారు. మన దేశం పిల్లలను, పాకిస్తాన్ పిల్లలను ఒకరితో ఒకరిని మాట్లాడించారు. అలా ఆయన పేరు దేశాలు దాటింది. 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. బడికి వచ్చే ఆడపిల్లలు పెరిగారని, ఊళ్ళో చిన్నవయసు పెళ్ళిళ్ళు ఆగాయని బహుమతి ఇచ్చినవారు చెప్పారు. బహుమతి సొమ్ము 10 లక్షల డాలర్లు. అందులో సగం, చివరిదాకా పోటీలో నిలిచిన మిగతా 9 మంది టీచర్లకు పంచారు.

ఫోనులో గొప్పలు ఎవరైనా చెప్పుకోవచ్చు. పదిమందికి పనికొచ్చే పని చేస్తేనే పేరు నిలుస్తుంది. మీకు బాగా వచ్చిన పని ఏది? దాన్ని ఎవరికి నేర్పుతారు?