ఏ పండు ఈగో ఫొటో చెబుతుంది

పైకి నిగనిగలాడే మామిడి పండును కోస్తే లోపల తెల్లటి పురుగులు కనబడతాయి. అవి పండు ఈగ పిల్లలు. 2014లో మన మామిడి పండ్లను యూరోపియన్ యూనియన్ కొన్నాళ్లు వద్దనడానికి కారణం ఈ ఈగలే. వీటిలో జాతులు చాలా ఉన్నాయి, ఒక జాతికి పనిచేసే ఎర ఇంకో జాతికి పనిచేయకపోవచ్చు. అందుకే తోటలో తిరుగుతున్నది ఏ జాతో తెలుసుకోవాలి. మాక్రో లెన్సు తగిలించిన ఫోనుంటే ఆ పని చాలావరకు మనమే చేసుకోవచ్చు.

పసుపు, గోధుమ రంగుల వల్ల పండు ఈగ చూడగానే కందిరీగలా అనిపిస్తుంది. కాబట్టి ముందు రెక్కలు లెక్కపెట్టాలి. కందిరీగకు నాలుగు, ఈగకు రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట ఈగకు గుండుసూదుల్లాంటి రెండు చిన్న కాడలుంటాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు అదుపు తప్పకుండా చూసేవి అవే.

ఆ తర్వాత వీపు చూడాలి. రెండు పక్కలా పసుపు చారలుండి, వాటి నడుమ మూడో చార కూడా ఉంటే అది కాకర, దోస, బీర, సొర పాదుల్ని పట్టే కుకుర్బిటే జాతి కావచ్చు. నడుమ చార లేకుండా రెండే ఉంటే మామిడి, జామల మీద వాలే డోర్సాలిస్, జొనాటా, కరెక్టా జాతుల్లో ఒకటి కావచ్చు.

ఈ మూడింటినీ విడదీసేవి రెక్క, ముఖం. డోర్సాలిస్ రెక్క ముందంచు వెంట సన్నని నల్ల పట్టీ తెగకుండా కొసదాకా సాగుతుంది. మిగతా రెండింటికీ ఆ పట్టీ మధ్యలో తెగి, కొసన మచ్చగా తేలుతుంది. అప్పుడు ముఖాన్ని ఎదురుగా ఫొటో తీయాలి. నల్ల చుక్కలు రెండూ విడివిడిగా ఉంటే జొనాటా, కలిసిపోయి అడ్డగీతలా ఉంటే కరెక్టా.

ఒంటి రంగును మాత్రం నమ్మకూడదు. డోర్సాలిస్ వీపు నల్లగానూ ఉండొచ్చు, గోధుమ రంగులోనూ ఉండొచ్చు. కోశం నుంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ ఏ జాతిదైనా పాలిపోయి ఉంటుంది. దాన్ని కొన్ని గంటలు ఆగి తీయాలి. ఫొటోకు ఈగ దొరక్కపోతే పుచ్చిన కాయను సీసాలో ఇసుక మీద ఉంచి, మూతికి పలచని గుడ్డ కట్టండి. పురుగులు ఇసుకలోకి దిగి, కొన్నాళ్లకు ఈగలై వస్తాయి.

డోర్సాలిస్‌కు అచ్చుగుద్దినట్టుండే దగ్గరి చుట్టాలూ ఉన్నాయి. దక్షిణ భారతంలోని క్యారియే అలాంటిదే. ఫొటోలో తేడా స్పష్టంగా కనబడనప్పుడు "డోర్సాలిస్ గుంపు" అని ఆగిపోవడమే నిజాయితీ. అంతకు మించి తేల్చాలంటే ఈగనే నిపుణుడి సూక్ష్మదర్శిని కిందికి పంపాలి.

గుర్తు తెలిస్తే ఎర తెలుస్తుంది. డోర్సాలిస్, జొనాటా, కరెక్టా మగ ఈగలు మీథైల్ యూజినాల్‌కు వస్తాయి. కుకుర్బిటే మగ ఈగలు క్యూ ల్యూర్‌కు వస్తాయి. పాదుల్లో మీథైల్ యూజినాల్ బుట్ట కట్టి ఈగ పడలేదంటే లాభం లేదు. కాబట్టి రైతులారా, మందు డబ్బా చేతికి తీసుకునే ముందు వీపు, పరిచిన రెక్క, ముఖం మూడూ విడివిడిగా ఫొటో తీసి ఉద్యాన అధికారికి చూపించండి.