ఫ్లోర్ కింద వేడి నీళ్ల పైపులు.. వినుకొండ ఇంటికి పనికొస్తాయా? అవే పైపులతో చల్లదనం వస్తుందా?

బయట మంచు కురుస్తుంటుంది. ఇంట్లో మాత్రం చెప్పులు, సాక్స్ ఏమీ లేకుండా టైల్స్ మీద హాయిగా తిరుగుతుంటారు. జర్మనీ, కెనడా, అమెరికాల్లో ఉండే మనవాళ్ల రీల్స్‌లో ఈ సీన్ మీరు చూసే ఉంటారు. ఆ ఇళ్లలో కొన్నింటి ఫ్లోర్ కింద గోరువెచ్చని నీళ్లు తిరుగుతుంటాయి. దీన్నే అండర్‌ఫ్లోర్ హీటింగ్ అంటారు. జర్మనీలో చదువుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే 'ఫుస్‌బోడెన్‌హైట్సుంగ్' అనే మాట ఒక్కసారైనా విని ఉంటారు. నోరు తిరగడం కష్టం కానీ దానర్థం సింపులే. ఫ్లోర్ హీటింగ్.

మరి పల్నాడులో కొత్త ఇల్లు కడుతున్న వాళ్లకి ఇది అవసరమా? అక్కడి నుంచి అబ్బాయి వీడియో కాల్ చేసి "నాన్నా, మన ఇంట్లో కూడా పైపులు వేయిద్దాం, ఎండాకాలం చల్లటి నీళ్లు తిప్పుకోవచ్చు" అంటే ఏం చెప్పాలి? ఫ్లోరింగ్ పడిపోయాక ఆలోచిస్తే లాభం లేదు. నిర్ణయం ముందే జరగాలి. అందుకే మొత్తం విషయం ఇక్కడ చూద్దాం.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

మిర్చి తోటలో డ్రిప్ చూసిన వాళ్లకి ఇది అర్థం కావడం చాలా ఈజీ. మెయిన్ లైన్ నుంచి వాల్వ్‌ల దగ్గరికి, అక్కడి నుంచి ఒక్కో లేటరల్‌లోకి నీళ్లు ఎలా వెళ్తాయో, ఇక్కడా దాదాపు అంతే. హీటర్ నుంచి వచ్చే నీళ్లు మానిఫోల్డ్ అనే వాల్వ్‌ల సెట్‌కి వస్తాయి. అక్కడి నుంచి ఒక్కో గదికి ఒక్కో పైపు లూప్. తేడా ఏంటంటే డ్రిప్‌లో నీళ్లు చుక్కలుగా బయటికి పోతాయి. ఇక్కడ ఒక్క చుక్క కూడా బయటికి రాకూడదు. గదంతా చుట్టి మళ్లీ హీటర్ దగ్గరికే రావాలి.

ఇంకో పోలిక కూడా ఉంది, అందులోనే ఒక ప్రమాదమూ ఉంది. ఎక్కువగా వాడే ఫ్లోర్ పైపు సైజు 16 ఎంఎం. మన డ్రిప్ లేటరల్ కూడా 16 ఎంఎం సైజులో దొరుకుతుంది. "పైపు పైపే కదా, సగం రేటుకి అయిపోతుంది" అని లేటరల్ తెచ్చి సిమెంట్ కింద పెట్టేస్తే కొంప మునిగినట్టే. ఫ్లోర్ కింద వేసేది పెక్స్ అనే పైపు. పాలిథిలీన్‌నే, వేడికి, ప్రెషర్‌కి ఏళ్ల తరబడి తట్టుకునేలా ప్రత్యేకంగా తయారు చేస్తారు. ఆక్సిజన్ లోపలికి పోకుండా దానికి ఒక పొర కూడా ఉంటుంది. లేకపోతే పంపు, హీటర్‌లోని ఇనుప భాగాలు తుప్పు పడతాయి. లేటరల్ పొలంలో చిల్లు పడితే జాయినర్ వేసి పని నడిపిస్తాం. గ్రానైట్ కింద చిల్లు పడితే ఏం చేస్తాం?

నీళ్లు ఎన్ని కావాలి అనేది వినుకొండలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న. నిజానికి చాలా తక్కువ. 100 మీటర్ల 16 ఎంఎం లూప్‌లో పట్టేది సుమారు 11 లీటర్లు. ఒక బిందె అనుకోండి. ఒకసారి నింపితే అవే నీళ్లు తిరుగుతుంటాయి. 12 బై 12 గదిలో పైపుల మధ్య 15 సెంటీమీటర్లు వదిలితే దాదాపు 90 మీటర్ల పైపు పడుతుంది. ఒక్క లూప్ 100 మీటర్లు దాటకుండా చూసుకోవడం ఈ పనిలో రూల్ లాంటిది. అంతకన్నా పొడవైతే పంపు ఆయాసపడుతుంది, చివరికి వచ్చేసరికి నీళ్లు చల్లారిపోతాయి.

నీళ్లు సలసలా కాగాల్సిన పని కూడా లేదు. 35 నుంచి 45 డిగ్రీలు చాలు. స్నానం నీళ్ల వేడి అన్నమాట. యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 1264 ప్రకారం మనుషులు తిరిగే చోట ఫ్లోర్ వేడి 29 డిగ్రీలు దాటకూడదు. ఫ్లోర్ 29, గది 20 ఉంటే చదరపు మీటర్‌కి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. చలి దేశంలో బాగా కట్టిన ఇంటికి అది సరిపోతుంది. ఇంత తక్కువ వేడి నీళ్లతో పని జరగడం వల్లే హీట్ పంప్‌తో దీనికి జోడీ బాగా కుదిరింది. ఒక యూనిట్ కరెంట్ తీసుకుని మూడు యూనిట్ల వరకు వేడి ఇవ్వగలదు.

ఐడియా మాత్రం కొత్తది కాదు. కొరియాలో వంటింటి పొయ్యి పొగని నేల కింద నుంచి పోనిచ్చి గదిని వెచ్చబెట్టే 'ఒండోల్' వందల ఏళ్ల నాటిది. ఇప్పటి కొరియా అపార్ట్‌మెంట్లలో పొగ బదులు నీళ్ల పైపులు వచ్చాయి. కే-డ్రామాల్లో అందరూ కింద కూర్చుని తినేది ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

పైపులు వేసే పని.. తప్పు జరిగేది ఎక్కడ?

ముందు నేల లెవెల్ చేయాలి. దాని మీద గట్టి ఇన్సులేషన్ బోర్డు. ఇది లేకపోతే వేడి సగం భూమిలోకే పోతుంది. గోడల చుట్టూ మెత్తటి ఫోమ్ పట్టీ పెట్టాలి. వేడికి ఫ్లోర్ వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ కాస్త సందు లేకపోతే పగుళ్లు వస్తాయి. తర్వాత పైపులు. ఒక లూప్‌లో జాయింట్ ఉండకూడదు. కాయిల్ మొత్తం ఒకే ముక్కగా పరచాలి.

ఇక్కడ ఆగాలి. సిమెంట్ పోసే ముందు ప్రెషర్ టెస్ట్ చేయాలి. పైపుల్లో నీళ్లు నింపి సాధారణంగా 6 బార్ వరకు ప్రెషర్ పెట్టి, గేజ్ ముల్లు పడిపోతోందా లేదా అని చూస్తారు. ఆ ప్రెషర్ అలా ఉండగానే పైన సిమెంట్ వేయాలి. మేస్త్రీ పార తగిలి పైపు తెగితే ముల్లు అప్పటికప్పుడు పడిపోతుంది, అక్కడే దొరికిపోతుంది. "తర్వాత చూద్దాంలే" అనే మాట ఈ పనికి సరిపోదు. పైపులు కనిపిస్తుండగానే టేప్ పెట్టి కొలతలతో ప్రతి గదికి ఫొటోలు తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఎవరో డ్రిల్ మిషన్ తీసుకొస్తారు. అప్పుడు ఆ ఫొటోలే దిక్కు.

పైపుల మీద సిమెంట్ పొర మొత్తం 65 నుంచి 75 ఎంఎం ఉంటుంది. బోర్డు, టైల్ కలిపితే ఫ్లోర్ నాలుగైదు అంగుళాలు లేస్తుంది. మన ఇళ్లలో సింహద్వారం ముహూర్తం చూసి ముందే నిలబెట్టేస్తాం. ఆ తర్వాత ఫ్లోర్ లేపితే గడప నేలలో కలిసిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, తలుపులూ తెరుచుకోవు.

సిమెంట్ పోసిన వెంటనే వేడి నీళ్లు వదలడం ఇంకో తప్పు. 21 రోజులు ఆగాలి. ఆ తర్వాత కూడా మొదట 25 డిగ్రీల నీళ్లు మూడు రోజులు, తర్వాతే ఫుల్ వేడి ఓ నాలుగు రోజులు పెట్టి చూస్తారు. పైన వేసే ఫ్లోరింగ్ విషయంలో మాత్రం మనకి పండగే. రాయి, టైల్ వేడిని బాగా పాస్ చేస్తాయి. చీమకుర్తి గ్రానైట్ అయినా, మాచర్ల నాపరాయి అయినా చెక్క ఫ్లోర్ కన్నా దీనికి ఎంతో నయం.

మరి మన ఊరికి హీటింగ్ అవసరమా?

సూటిగా చెప్పాలంటే, లేదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున వినుకొండలో వణుకు పుట్టేది నిజమే. కానీ ఎండెక్కేసరికి చొక్కా గుండీ విప్పుకోవాలి. ఫ్లోర్ హీటింగ్‌కి బద్ధకం ఎక్కువ. ఆన్ చేస్తే సిమెంట్ వేడెక్కడానికే గంటలు పడుతుంది. చలి మొదలైనప్పుడు ఆన్ చేస్తే ఎండ వచ్చాక వేడి వస్తుంది. లంబసింగి, చింతపల్లి వైపు రిసార్ట్ కట్టేవాళ్లు ఆలోచించుకోవచ్చు. ఇక్కడ మాత్రం ఆ డబ్బు దండగ.

చల్లటి నీళ్లు తిప్పితే? అసలు కథ ఇక్కడే

మనకి ప్రాణం మీదకి వచ్చేది చలి కాదు, ఎండ. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు అనగానే గుర్తొచ్చే రెంటచింతల ఉన్నది మన పల్నాడు జిల్లాలోనే. 2015 మే వడగాలుల్లో ఏపీ, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. రాత్రి కూడా చల్లబడని స్లాబ్ కింద పడుకునే పెద్దవాళ్ల సంగతి ప్రతి ఇంటికీ తెలుసు.

పైపుల్లో చల్లటి నీళ్లతో బిల్డింగ్ చల్లబరచడం కుదురుతుందా అంటే.. కుదురుతుంది. మన తెలుగు నేల మీదే చేసి చూపించారు. హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక బిల్డింగ్‌ని సరిగ్గా రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలు సెంట్రల్ ఏసీ, అదీ బాగా మెరుగుపరిచిందే. రెండో సగంలో కాంక్రీట్ స్లాబ్‌లోనే పైపులు పెట్టి చల్లటి నీళ్లు తిప్పారు. 2011 నుంచి ఇది వాడకంలో ఉంది. మొదటి రెండేళ్ల లెక్క తీస్తే పైపుల సగం 34 శాతం తక్కువ కరెంట్‌తో నడిచింది. కట్టిన ఖర్చు రెండింటికీ దాదాపు సమానం. మన కంటే ఎక్కువ ఉక్కపోత ఉండే బ్యాంకాక్‌లో, 2006లో తెరిచిన సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో ఫ్లోర్ కిందే చల్లటి నీళ్లు తిరుగుతాయి.

ఇది చదివి వెంటనే మేస్త్రీకి ఫోన్ చేయకండి. చిక్కు ఉంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన బాటిల్‌కి చెమట పడుతుంది కదా, చల్లటి ఫ్లోర్‌కి కూడా అంతే. గదిలో గాలి 30 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే, 24 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీళ్లు పేరుకుంటాయి. వానాకాలంలో మన దగ్గర పరిస్థితి ఇదే. తడిసిన గ్రానైట్ మీద కాలు జారితే తుంటి ఎముక విరగడమే. పొడి ఎండల్లో, అంటే 40 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్నప్పుడు ఆ గీత 19 డిగ్రీలకి దిగుతుంది, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఇన్ఫోసిస్‌లో దీనికోసం బయటి గాలిలో తేమ తీసేసి లోపలికి పంపే సిస్టమ్ విడిగా పెట్టారు. మామూలు ఇంట్లో తలుపు తీస్తే వీధే. వంటింట్లో కుక్కర్ ఆవిరి ఉండనే ఉంటుంది.

రెండో చిక్కు శక్తి. వేడి పైకి వెళ్తుంది, చల్లదనం కిందకి దిగుతుంది. అందుకే హీటింగ్‌కి ఫ్లోర్ బెస్ట్, కూలింగ్‌కి సీలింగ్ బెస్ట్. ఫ్లోర్ 20 డిగ్రీలు, గది 26 ఉంటే చదరపు మీటర్‌కి ఓ 40 వాట్ల చల్లదనమే వస్తుంది. మన 12 బై 12 గదికి మొత్తం కలిపితే 550 వాట్లు కూడా రాదు. ఒక టన్ను ఏసీ ఇచ్చేది 3,500 వాట్లు. అంటే ఆరో వంతు కన్నా తక్కువ! మంచం, బీరువా కింద పోయే భాగం ఇంకా తీసేయలేదు. నీడ లేని కిటికీలు, పైన కాలిపోయే స్లాబ్ ఉన్న ఇంటికి ఇది ఏ మూలకీ సరిపోదు.

"బోరు నీళ్లే చల్లగా ఉంటాయి కదా, అవే తిప్పేద్దాం" అనేవాళ్లు కూడా ఉంటారు. భూమి లోతులో వేడి ఏడాది సగటు ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉంటుంది. మన వైపు అది 28 డిగ్రీల చుట్టుపక్కల. మే నెలలో చేతికి చల్లగా తగులుతాయి, గదిని 26కి దించలేవు. పైగా నీళ్లు వాడి పారబోయాలి, వేసవిలో మన దగ్గర అది పాపం. బోరు నీటి ఉప్పు పైపుల్లో గారలా పేరుకుంటుంది కూడా. కాబట్టి చిల్లరో హీట్ పంపో కావాల్సిందే. కొనే ముందు ఒకటే అడగండి. జూన్ మొదటి వారంలో అది ఆగిపోతే రిపేర్‌కి వచ్చే మనిషి ఎక్కడి నుంచి, ఎన్ని రోజుల్లో వస్తాడు?

మరి ఏం చేయాలి?

ఇల్లు ఇంకా ప్లాన్ దశలోనే ఉంటే, బడ్జెట్ ఉంటే, డిజైన్ చేసే ఇంజినీర్ దొరికితే పై స్లాబ్‌లో పైపుల గురించి మాట్లాడొచ్చు. మిగతా వాళ్లంతా ముందు పైకప్పు చూడండి. ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా అక్కడి నుంచే. మాసిన కాంక్రీట్ ఎండనంతా తాగేస్తుంది. కొత్తగా వేసిన తెల్ల పూత ఎండలో 70 శాతం పైగా వెనక్కి కొట్టేస్తుంది. కింద గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీల దాకా తేడా వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మనకైతే సున్నానికి పేరుమోసిన పిడుగురాళ్ల పక్కనే ఉంది!

ఖర్చు పెట్టగలిగితే స్లాబ్ మీద ఇన్సులేషన్, దాని పైన తెల్ల టైల్స్. పడమటి కిటికీకి బయట నీడ, లోపల కర్టెన్ కాదు. కర్టెన్ దాకా వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టే. మేడ మీద తాటాకు పందిరి వేసి సాయంత్రం నీళ్లు చల్లిన తాతలకి ఈ లెక్కలేవీ తెలియకపోయినా పని తెలుసు. ఇవన్నీ అయ్యాక వేసే ఏసీ చిన్నదైనా సరిపోతుంది, బిల్లూ తగ్గుతుంది.

సున్నం పూత మాత్రం వానకి కొట్టుకుపోతుంది, దుమ్ముకి మాసిపోతుంది. ఏటా వేయాల్సిందే. కోటప్పకొండ తిరునాళ్ల నుంచి వచ్చిన వారంలో వేయించేస్తే ఎండలు ముదిరేలోపు పని అయిపోతుంది. వేసే ముందు స్లాబ్‌ని కడిగి, పగుళ్లు పూడ్పించడం మర్చిపోకండి.