పసుపు రంగు జాగాలో లాడ్జి

"సార్, ఈ జాగాలో ఏమన్నా సర్దుబాటు ఉండాదా?"

నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఇది. నేను తిరుపతిలో ఎల్‌టీపీని. అంటే, ప్లాను గీసి ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టేందుకు లైసెన్సు ఉన్నవాణ్ణి. సర్దుబాటు అంటే ఒకరికి ఇంటి పక్కన వదలాల్సిన ఖాళీలో రెండడుగులు తగ్గడం. ఇంకొకరికి ఇళ్ల వీధిలో లాడ్జి లేపడం. మొదటిది కొలత సంగతి, రెండోది వాడకం సంగతి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి అడిగేవాళ్లకు ముందు ఆ ముడి విప్పడంతోనే నాకు సగం పొద్దు పోతుంది.

కొలతతో మొదలుపెడతా. మన ఊళ్లో సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) తగాదాల వెనక ఎక్కువగా ఉండేది వాస్తు. ఈశాన్యం వైపు జాగా బాగా వదలాలి, దక్షిణం, పడమర గోడకు ఆనించి కట్టాలి అంటారు. రూల్ మాత్రం అన్ని పక్కలా ఖాళీ చూపించమంటుంది. దీనికి 2017 భవన నియమాల్లోనే ఒక దారి ఉంది. జాగా 300 చదరపు మీటర్లు దాటితే ఒక పక్క వదలాల్సిన ఖాళీలో మీటరు దాకా ఇంకో పక్కకు మార్చుకోవచ్చు, 750 దాటితే రెండు మీటర్ల దాకా. రోడ్డు వైపు బిల్డింగ్ లైన్ మాత్రం తగ్గకూడదు. 300 చదరపు మీటర్లంటే మన లెక్కలో సుమారు 90 అంకణాలు. (తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరు అంకణం 72. అక్కడి చుట్టాల సలహా విని లెక్క తప్పినవాళ్లను చూశాను.) కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ముప్పై అంకణాల్లో కట్టుకునేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. ఇరుకు ఉన్నది వాళ్లకే, సడలింపు పెద్ద జాగాల వాళ్లకు. నాకిది ఎప్పుడూ మింగుడుపడదు.

ఇల్లు పూర్తయ్యాక కొలతలో తేడా తేలితే ఇంకో సడలింపు ఉంది. బిల్డింగ్ లైన్ తప్ప మిగతా పక్కల సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తగ్గితే, తగ్గిన మేరకు రిజిస్ట్రేషన్ శాఖ విలువ ప్రకారం జరిమానా కట్టించుకుని వదిలేస్తారు.

మా అల్లుడు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటాడు. ఇంటి వెనక చెక్క డెక్ వేసుకోవాలంటే సెట్‌బ్యాక్ చాలలేదు. అక్కడ దీన్ని 'వేరియన్స్' అంటారు. ఊరి జోనింగ్ బోర్డుకు అర్జీ పెట్టాలి. చుట్టూ 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరికీ, విచారణకు కనీసం పది రోజుల ముందు, అర్జీదారే నోటీసు పంపాలి. బోర్డు ముందు నిలబడి తన జాగాలో ఏ ఇబ్బంది ఉందో చెప్పుకోవాలి. ఆకారం వంకరా? సన్నమా? పల్లమా? తను చేజేతులా తెచ్చుకున్న ఇబ్బంది పనికిరాదు. ఇక ఇళ్ల వీధిలో దుకాణం పెట్టాలంటే బోర్డులో ఐదు ఓట్లు అనుకూలంగా రావాలి, మామూలు మెజారిటీ చాలదు. అల్లుడు ఫోన్‌లో విసుక్కుంటుంటే నాకు ముచ్చటేసింది. ఇక్కడ నా ముప్పై అంకణాల కక్షిదారును "నీ జాగాకు వచ్చిన కష్టమేంది?" అని అడిగే బల్ల ఒక్కటీ లేదు. పక్కింటాయన్ను పిలిచి అడిగేదీ లేదు.

ఇప్పుడు లాడ్జి సంగతి. ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి, మధ్యలో తిరుపతి. ఊరు పెరగాలంటే రేణిగుంట వైపో చంద్రగిరి వైపో సాగాలి. కొండకు వచ్చే జనం మాత్రం ఊరి మధ్యే గది వెతుకుతారు. అందుకే ఇళ్ల వీధుల మీద అంత ఒత్తిడి. 1981లో ఏర్పడిన తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) మాస్టర్ ప్లాన్‌లో నివాసానికి పసుపు, వాణిజ్యానికి నీలం, సాగుకు ఆకుపచ్చ. పసుపును నీలం చేయడం ఇంజినీరు చేతిలో లేదు, కమిషనర్ చేతిలోనూ లేదు. అర్జీ తుడాకు పోతుంది. వాళ్లు రోడ్డు వెడల్పు, చుట్టుపక్కల ఏముందో చూసి నివేదిక పంపుతారు. ఫైలు ప్రభుత్వం దాకా పోయి, గెజిట్‌లో ముసాయిదా వస్తుంది. సర్వే నంబరు, నాలుగు హద్దులు వేసి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమంటారు. మార్పిడి ఛార్జీలు కట్టాక తుది ఉత్తర్వు. పక్కింటివాళ్లకు మాట చెప్పే అవకాశం ఆ పదిహేను రోజులే. కానీ గెజిట్ చదివే పక్కింటాయన్ను నేనింతవరకూ చూడలేదు.

"నాలా కట్టేసినా సార్, ఇంకేం కావాల?" అని ఒకాయన రసీదు చూపించాడు. 2025లో రద్దయిన 2006 నాలా చట్టం కింద ఆయన కట్టింది రెవెన్యూ వాళ్లకు, పొలాన్ని సాగు లెక్క నుంచి తప్పించడానికి. మాస్టర్ ప్లాన్ రంగు దాంతో మారలేదు. చెరువుల దగ్గర మాత్రం ఏ అర్జీ పనికిరాదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాల్సిందే.

మరి ఇన్ని లాడ్జీలు ఎట్లా లేచాయి? ముందు కట్టి, తర్వాత బీపీఎస్ కోసం కాచుకోవడం మనకు అలవాటైంది. కట్టేసిన అక్రమాన్ని అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే ఈ పథకం 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2019లో మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఇదే చివరిదన్నట్టు మాట్లాడుకున్నాం. ముందుగా వచ్చి అడిగినవాణ్ణి తిప్పుతాం, అడగకుండా కట్టినవాడికి రసీదు రాస్తాం. నా కక్షిదారులకు దీన్ని సమర్థించి చెప్పడం నావల్ల కాలేదు.

జాగా కొనేవాళ్లకు మాత్రం ఒక్క పని చెబుతాను. అడ్వాన్సు చేతిలో పెట్టకముందే సర్వే నంబరు పట్టుకుని తుడాలో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టండి. మార్పిడి ఉత్తర్వు ఇప్పటికే ఉందని అమ్మేవాళ్లు చూపిస్తే చివరి షరతుల దాకా చదవండి. దీన్ని హక్కుకు రుజువుగా వాడకూడదని అందులోనే రాసి ఉంటుంది. మంగళం వైపు ఒకాయన ఇట్లాగే అర్జీ పెడితే, కొనాలనుకున్న జాగా మీదుగానే మాస్టర్ ప్లాన్ రోడ్డు పోతోందని తేలింది. ఆయన బేరం మానుకున్నాడు. అమ్మబోయినాయన ఇప్పటికీ నేను కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు.