చలికాలంలో పెరటి కోళ్ళు: చలి కన్నా తడే ప్రమాదం

పాల సంఘాల సభ్యుల ఇళ్ళలో పాడి ఒక ఆదాయమైతే పెరటి కోళ్ళు మరొకటి. పాల సొమ్ము పది రోజులకో పదిహేను రోజులకో చేతికి వస్తుంది. ఈలోగా పిల్లవాడి పుస్తకానికో, ఉప్పుకో పప్పుకో అవసరమైతే ఇల్లాలు నాలుగు గుడ్లు అమ్మి సర్దుకుంటుంది. అటువంటి కోళ్ళు కార్తీకం నుంచి మాఘం వరకు ఎక్కువగా పోతుంటాయి. తనిఖీకి వెళ్ళిన గ్రామాలలో కారణం అడిగితే "చలికండీ" అన్న జవాబే మాకు తరచు వినబడుతుంది. ఈ మాటలో నిజం కొంతే ఉంది. మిగిలినది కూడా తెలుసుకుంటే చాలా కోళ్ళను దక్కించుకోవచ్చు.

మన చలి ఏపాటిది?

గోదావరి డెల్టాలో పుష్యమాసపు రాత్రులు కూడా 15 డిగ్రీల లోపుకు దిగడం అరుదు. లంబసింగి, చింతపల్లి వంటి మన్యం ఊళ్ళ చలి మనకు లేదు. కోడి శరీరపు వేడి సుమారు 41 డిగ్రీలు. ఈకల నడుమ నిలిచే గాలి దానికి దుప్పటి వంటిది. ఒళ్ళు పొడిగా ఉన్నంత కాలం పెద్ద కోడి మన చలిని సునాయాసంగా తట్టుకుంటుంది. ఈకలు తడిస్తే ఆ దుప్పటి పోయినట్లే. తడిసిన కోడికి గాలి కూడా తగిలితే నీరసించి, రోగాలకు లోనవుతుంది.

మన ప్రాంతంలో ఆ తడి చలికాలంలోనే వస్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుఫాను, 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్, 2025 అక్టోబరు 28న నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా, ఇవన్నీ ఈ నాలుగైదు నెలలలో వచ్చినవే. తుఫాను లేని రోజుల్లో తెల్లవారుజామున మంచు కురుస్తుంది. ఒండ్రు నేల కనుక నీరు త్వరగా ఇంకదు.

గూడు మూసివేయడం వల్ల కలిగే నష్టం

చలి అనగానే చాలామంది గూటికి నాలుగు వైపులా గోనె సంచులు, ప్లాస్టిక్ పట్టాలు చుట్టి, గాలి చొరకుండా బిగిస్తారు. లోపల కోళ్ళ ఊపిరి వల్ల, రెట్ట వల్ల చెమ్మ చేరుతుంది. తడిసిన రెట్ట నుంచి అమోనియా వాయువు పుడుతుంది. పొద్దున్నే గూటి తలుపు తీసి, ముఖం కోడి ఎత్తున పెట్టి చూడండి. కళ్ళు మండితే, ముక్కు అదిరితే రాత్రంతా ఆ కోళ్ళు పీల్చినది ఆ గాలే. ముక్కు కారడం, కళ్ళు ఉబ్బడం, గురక వంటి జబ్బులకు అదే దారి తీస్తుంది. కనుక కింద గాలి కొట్టకూడదు, పైన గాలి ఆడకుండా ఉండకూడదు.

గూడు ఎలా ఉండాలి?

పది కోళ్ళకు రాత్రి పడుకోవడానికి 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చాలు. నేలకు కనీసం 2 అడుగుల ఎత్తున ఇటుక దిమ్మల మీద గాని, వెదురు బద్దల మంచె మీద గాని కట్టుకోవాలి. చలికాలపు గాలివాన సాధారణంగా ఈశాన్యం నుంచి వస్తుంది కనుక ఉత్తరం, తూర్పు వైపులు కోడి తల ఎత్తు దాకా మూసి, తలుపు దక్షిణానికి పెట్టాలి. కప్పు కింద జానెడు మేర ఖాళీ వదిలి, పిల్లి, ముంగిస, పాము దూరకుండా సన్నకన్నాల వల బిగించాలి. తాటాకు అయినా రేకు అయినా చూరు అడుగున్నర ముందుకు రావాలి. కొబ్బరిచెట్టు కింద, కరెంటు తీగల కింద గూడు పెట్టరాదు.

అడుగున రెండు మూడు అంగుళాల మందాన పొడి ఊక పరచాలి. తడిసి గడ్డకట్టిన ఊకను వెంటనే తీసి, కొత్తది వేయాలి. పెరటిలో ఒక మూల పొడి బూడిద, ఇసుక కలిపి ఉంచితే కోళ్ళు పొర్లి పేలు వదిలించుకుంటాయి. పొద్దున మంచు ఆరిన తర్వాతే, ముఖ్యంగా పిల్లల కోడిని, బయటికి వదలాలి.

కోళ్ళు పగలు పశువుల పాకలో తిరిగి పురుగులు ఏరుకోవడం మంచిదే. రాత్రి మాత్రం పాక దూలాల మీద పడుకోనివ్వరాదు. రెట్ట మేతతొట్టిలోను, పాలబిందెలోను పడుతుంది.

పిల్లలకు వెచ్చదనం

పెద్ద కోడికి అక్కరలేని వేడి పిల్లలకు అవసరం. తల్లి లేని పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల వంతున తగ్గించాలి. బల్బు కింద పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే వేడి చాలలేదని, దూరంగా పోతుంటే ఎక్కువైందని గ్రహించాలి. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇస్తుందిగాని పిల్లలను కాచేంత వేడి ఇవ్వదు. పాతరకం తీగ బల్బే వాడాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే ఆ పొగ పిల్లలకూ మనుషులకూ ప్రాణాంతకం.

గుడ్లు తగ్గితే

డిసెంబరులో మనకు పగలు సుమారు 11 గంటలే. పెట్ట బాగా గుడ్లు పెట్టడానికి 14 గంటలకు పైగా వెలుతురు కావాలి. అంచేత ఈ రోజులలో గుడ్లు తగ్గడం రోగం కాదు. తగ్గాయని మంచి పెట్టను అయినకాడికి అమ్ముకోవద్దు. తుఫానుకు తడిసి బూజు పట్టిన నూకలు, చెక్క కోళ్ళకు వేయవద్దు. కోళ్ళకు పనికిరాదని గేదెకూ పెట్టవద్దు. ఆ బూజు విషం పాలలోకి దిగుతుంది.

తుఫాను కబురు వస్తే

ముందు రోజే కోళ్ళను పక్కా ఇంటి వసారాలోకో గదిలోకో చేర్చాలి. గాలి దిశ మారుతుంది కనుక పెరటి గూటిని నమ్మరాదు. రెండు రోజుల మేత, మంచినీరు పొడిచోట దాచాలి. వరద తర్వాత కాచి చల్లార్చిన నీరే పెట్టాలి. చచ్చిన కోడిని కాలువలో పారవేయడం పెద్ద తప్పు. దిగువ ఊళ్ళ పశువులు తాగేది ఆ నీరే. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

తెగుళ్ళు, టీకాలు

కొక్కెర తెగులు వస్తే మందు లేదు. టీకా ఒక్కటే రక్ష. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది వేయించి, తర్వాత పశువైద్యుని సలహా ప్రకారం తిరిగి వేయించాలి. సంక్రాంతికి ఊరూరా కోళ్ళు చేతులు మారతాయి. చట్టం నిషేధించిన పందాల బరి నుంచి తిరిగివచ్చిన పుంజు రోగాన్ని కూడా వెంట తేవచ్చు. కొత్తగా వచ్చిన ఏ కోడినైనా రెండు వారాలు విడిగా ఉంచాలి. కోసిన చేలలో మేసే బాతుల మందలతో, వలస పక్షులు దిగే చెరువు నీటితో మన కోళ్ళు కలవనివ్వరాదు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోను, తూర్పు గోదావరి జిల్లా కానూరులోను కోళ్ళ ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన సంగతి సభ్యులకు తెలిసినదే. ఉన్నట్టుండి నాలుగైదు కోళ్ళు చనిపోతే వాటిని కోయవద్దు, అమ్మవద్దు. వెంటనే పశువైద్యశాలకు తెలపండి.

సంఘం చేయగల పని

టీకా సీసా ఒక్కొక్కటి వంద కోళ్ళకో, అంతకు మించో సరిపడేదిగా వస్తుంది. ద్రావకం కలిపిన తర్వాత రెండు గంటలలోపే వాడేయాలి. ఎనిమిది కోళ్ళున్న ఇల్లాలు ఒక్కతే ఆ సీసా కొంటే మిగతాది పారబోయవలసిందే. అందుకే పేద ఇళ్ళలో టీకా పడడం లేదు. ఊళ్ళో తెగులు అక్కడే మొదలై అందరినీ చుట్టుతుంది. పాల కేంద్రం దగ్గర రోజూ ఉదయం వంద ఇళ్ళవారు కలుస్తున్నారు. పాలు పోసే పుస్తకంతో పాటు ఎవరింట ఎన్ని కోళ్ళున్నదీ రాసుకుంటే, పశువైద్యునితో మాట్లాడి దసరా లోపల ఒక రోజు నిర్ణయించవచ్చు. ఆ రోజు కోళ్ళను గూళ్ళ నుంచి వదలకముందే ఊరంతటికీ టీకా వేయించవచ్చు. టీకాను ఐసు ఉన్న ఫ్లాస్కులో తేవాలి. పాల శీతలీకరణ తొట్టెలో పెట్టరాదు. ఒక్కో ఇంటికి అయ్యే ఖర్చు ఒకటి రెండు గుడ్ల ధరకు మించదు. ఈ విషయాన్ని కార్యదర్శులు వచ్చే నెల సమావేశపు ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాము.