వెనకింటికి వైరు

ఇంట్లో ఇద్దరు కోడళ్ళుంటే పొయ్యి రెండవుతుందని పెద్దలనేవారు. ఈ రోజుల్లో పొయ్యి ఒకటిగానే వుంటున్నది; టీవీలు రెండవుతున్నాయి. పడసాలలో వున్నది చాలక పడకగదికొకటి, పెద్దవాళ్ళ గదికొకటి కావలసివస్తున్నది. టీవీ కొనడానికేం, దుకాణానికి వెళితే అరగంట పని. మిద్దెమీది డిష్ నుంచి ఆ గదిదాకా వైరు తీసుకురావడంలోనే వుంది చిక్కంతా. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాస్టారికి వైర్ల గొడవ యెందుకయ్యా అంటారేమో! సంధి యెక్కడ కుదురుతుందో, యెక్కడ కుదరదో విచారించడమే గదా మా వృత్తి. ఇదీ అటువంటి కార్యమే.

మాది కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె. యురేనియం గనివల్ల దేశమంతా పేరు విన్న వూరు. మా ఇల్లు మాత్రం పాతకాలపుదే. మూరెడు మందాన రాతిగోడలు, దంతెలు పరచిన మట్టిమిద్దె, వెలుతురుకు నడుమ గవాచి. తొంభై యేళ్ళకు దగ్గరపడిన మా జేజి నిరుడు జారిపడి, తొడ యెముక విరిగి, వెనకింట్లో మంచం పట్టింది. పడసాలలోని టీవీ శబ్దం ఆమెకు వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు. ఎవరో నవ్వుతుంటే యెందుకు నవ్వారో తెలియక పడుకొని వుండడం యెటువంటి బాధో, మంచం పట్టినవారికే తెలియాలి.

"ఆ వున్నదాన్నే యెత్తుకొచ్చి జేజి మంచం కాడ పెడితే సరిపాయ" అన్నాడు మా అన్న. "అట్లయితే ఇంటికొచ్చిన వాళ్ళంతా ఆమె మంచం చుట్టూ కూర్చోవాల్నా?" అన్నది వదిన. "ఫోనిస్తే చాలు చిన్నాయనా, దాంట్లోనే చూస్తాది" అన్నాడు అన్న కొడుకు. చూపు మందగించిన మనిషికి అరచేతిలో ఆవగింజంత బొమ్మలు చూపిస్తానన్న వాడి తెలివికి అందరం నవ్వుకున్నాం.

ఒక ఇంట్లో ఇంత తర్జనభర్జన జరుగుతున్నది గాని, ఈ దేశంలో ఉపగ్రహ టెలివిజన్ వూరికొక్కటిగా మొదలైంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. అందులో మన రాష్ట్రమూ వుంది. తెలుగు కార్యక్రమాలూ వున్నాయి. కోళ్ళ దొడ్డికి కట్టే ఇనుపవలవంటి దానితో మూడు మీటర్ల అడ్డకొలత గల గొడుగులు చేసి నిలబెట్టారు. వూరుమ్మడి టీవీ ముందు వూరంతా కూర్చునేది. నా చిన్నతనంలో, 1987లో రామాయణం ధారావాహిక వచ్చేనాటికి, టీవీ వీధికొకటైంది. హిందీ ముక్క రాకపోయినా కథ తెలుసు గనుక అందరం వెళ్ళేవాళ్ళం. వూరినుంచి వీధికి, వీధినుంచి ఇంటికి, ఇంటినుంచి గదికి వచ్చాం. యాభై యేళ్ళలో ఇదీ నడక.

ఇక అసలు సంగతి. మొదట వచ్చిన మెకానిక్కు చౌకమార్గం చెప్పాడు. ఉన్న వైరును ఒక చిన్న స్ప్లిట్టర్‌తో రెండుగా చీల్చి, వెనకింట్లో మరో బాక్సు పెట్టాడు. పడసాలలో కొన్ని చానళ్ళు పెట్టినప్పుడు వెనకింట్లో బొమ్మ మాయం! ఎందువల్లనో విచారించాను. పాఠకులకూ పనికివస్తుంది గనుక చెబుతాను.

భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున వున్న ఉపగ్రహం నుంచి దాదాపు 12 గిగాహెర్ట్జ్ తరంగాలు వస్తాయి. అంతటి పౌనఃపున్యం గల తరంగాలు మామూలు వైరులో ఎక్కువదూరం ప్రయాణించలేవు. డిష్ ముందు ముక్కులా పొడుచుకువచ్చిన ఎల్ఎన్‌బీ వాటిని 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్‌కు దించి వైరులోకి పంపుతుంది. తరంగాలలో నిలువువి, అడ్డమువి అని రెండు తెగలున్నాయి. ఏది కావాలో బాక్సే అదే వైరుగుండా పైకి అడుగుతుంది. 13 వోల్టులు పంపితే నిలువువి, 18 పంపితే అడ్డమువి. ఇప్పుడు రెండు బాక్సులూ ఒకే వైరును పట్టుకొని, ఒకటి పదమూడు, ఇంకొకటి పద్దెనిమిది అడిగితే? పెద్దగొంతుదే గెలుస్తుంది. పైగా స్ప్లిట్టర్ వల్ల సంకేతబలం సగానికి తగ్గుతుంది. వానవస్తే ఆ మిగిలిన సగమూ వూగిసలాడుతుంది.

అందుచేత మార్గాలు రెండే. రెండు గదులలోనూ ఒకే బొమ్మ చాలుననుకుంటే, వున్న బాక్సు నుంచే రెండవ టీవీకి వైరు లాగవచ్చు. నెలనెలా అదనపు ఖర్చుండదు. కాని ఏది చూడాలో పడసాలవారే నిర్ణయిస్తారు. ఎవరి చానల్ వారు చూసుకోవాలంటే రెండవ బాక్సు, రెండు నోళ్ళున్న ఎల్ఎన్‌బీ, బాక్సుకొక వైరు కావాలి. డిష్ ఒక్కటి చాలు. నెలసరి రుసుము సంగతి ముందే అడిగి తెలుసుకోండి. ఒకే ఇంట్లో రెండవ టీవీకి కనెక్షన్ రుసుము మొదటిదానిలో 40 శాతానికి మించరాదని 2020లో ట్రాయ్ నిర్ణయించింది గాని, 2024లో ఆ రుసుము సంగతిని కంపెనీలకే వదిలివేసింది. 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ సేవకు మాత్రం నెలసరి బెడద లేదు.

మా అన్న మొదటి మార్గమే మంచిదన్నాడు. నాకూ అదే నచ్చింది. ముందూ వెనకా అందరూ ఒకటే చూస్తారు, ఒకేసారి నవ్వుతారు గదా అనుకున్నాం. జేజిని అడిగితే ఆమె అన్నమాట ఇది: "పెండ్లయిన నాటినుంచి పదిమందికి ఇష్టమైందే వండితి. పదిమందికి ఇష్టమైందే చూస్తి. ఆ రిమోటు నా చేతిలో వుండాలబ్బీ!"

ఇంకెవరం మాట్లాడలేదు. రెండవ బాక్సే తెప్పించాం.

రాతిగోడకు బెజ్జం వేయడం ఒకనాటి పని. పాతగోడ బీటలిస్తుందన్న భయమూ వుంది. మిద్దెమీదుగా తెచ్చి గవాచి అంచునుంచి దించాం. కొత్త ఇళ్ళలో గోడకు బెజ్జం వేసేవారు బయటివైపుకు వాలుగా వేయించండి, వాననీరు లోపలికి రాదు. గోడలోకి దూరేముందు వైరును కొంచెం కిందికి వంపు తిప్పితే నీటిబొట్టు అక్కడే జారిపోతుంది. ఆర్‌జీ-6 రకం వైరు అడగండి. మధ్యలో అతుకులు వద్దు. ఎంత పొడవు కావాలో ముందే దారంతో కొలుచుకోండి. కరెంటు వైర్లకు ఆనించి లాగవద్దు. వైరును మరీ మడిచి మేకు కొట్టవద్దు. మిద్దెమీది డిష్‌కు ఎర్తింగ్ వుండాలి. ఉరుములు వినిపించకముందే, మబ్బు కమ్ముకొస్తుండగానే ప్లగ్గులు తీసివేయడం మేలు; ఉరుము వినిపించాక వాటిని ముట్టుకోవద్దు. మాకు యేడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లే అయినా, పిడుగుకు ఆ లెక్కలు తెలియవు.

ఒక్క సంగతి మాత్రం మెకానిక్కు చెప్పనిది. మంచం పట్టినవారి గదిలో టీవీ పెట్టి తలుపు దగ్గరగా వేసివస్తే, వారికి కాలక్షేపమూ కాదు, మనకు బాధ్యత తీరినట్టూ కాదు. మా వదిన ఆ గదిలో ఒక చాప, రెండు దిండ్లు కూడా వేసింది. పడసాలలో మా అన్న వార్తలు వదలడు గనుక, పిల్లలు ఇప్పుడు జేజి దగ్గరికి చేరుతున్నారు. రిమోటు కావాలంటే కాళ్ళు పిసకాలని ఆమె షరతు. వాళ్ళు పిసుకుతున్నారు, ఆమె మాత్రం తన ధారావాహిక అయ్యేదాకా రిమోటు ఇవ్వడంలేదు. వైరు లాగించుకొనే పాఠకులు మీటర్ల లెక్కతోపాటు చాప ఖర్చు కూడా కలిపి వేసుకోవలసిందని నా మనవి.