చీకటిలోని వెలుగు

అమావాస్య రాత్రి దీపాలు లేని చోట నిలిచి తలెత్తి చూస్తే, చుక్కల నడుమ ఉన్నదంతా కటిక చీకటే అనిపిస్తుంది. కాని అది సంపూర్ణమైన చీకటి కాదు. నక్షత్రాల కాంతితో సంబంధం లేని ఒక సన్నని వెలుగు ఆకాశమంతటా వ్యాపించి ఉంటుంది. దానిని పుట్టించేది మన వాతావరణమే. ఈ వెలుగును వాయుదీప్తి అనవచ్చు.

1868లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రామ్ ఈ వెలుగును పరిశీలించారు. ధ్రువకాంతులలో కనిపించే ఆకుపచ్చని వర్ణరేఖ, ధ్రువకాంతులు లేని రాత్రులలో కూడా ఆకాశం నుండి వస్తున్నదని గుర్తించారు. దాని తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. అది ఏ మూలకానిదో అర్ధశతాబ్దికి పైగా అంతుచిక్కలేదు. 1925లో కెనడాలోని టొరంటోలో మెక్‌లెన్నాన్, ష్రమ్ అనే శాస్త్రజ్ఞులు ఆ రేఖను ప్రయోగశాలలో సృష్టించి, అది ఆక్సిజన్ పరమాణువుదని నిరూపించారు.

అయితే సూర్యుడు లేని వేళ ఆ పరమాణువుకు వెలిగే శక్తి ఎక్కడిది? 1931లో సిడ్నీ చాప్‌మన్ దీనికి రసాయనికమైన సమాధానం చూపారు. పగటిపూట సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ అణువులను పరమాణువులుగా విడదీస్తాయి. విడదీయడానికి ఖర్చయిన శక్తి వృథా కాదు. పగలు గాదెకు చేర్చిన ధాన్యం వలె నిల్వ ఉంటుంది. రాత్రివేళ పరమాణువులు తిరిగి కలిసినపుడు ఆ శక్తి విడుదలవుతుంది. కలిసిన జంట ఆ శక్తిని వదిలించుకోలేకపోతే వెంటనే విడిపోతుంది. అందుకే దానిని అందుకొనే మరొక కణం అవసరం. శక్తిని పొందిన ఆక్సిజన్ పరమాణువు ఉత్తేజిత స్థితికి చేరి, సుమారు ఒక సెకను లోపు ఆకుపచ్చని కాంతిని వెలువరిస్తుంది. ఈ శక్తి మార్పిడి రెండు దశలలో జరుగుతుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

ఈ ఆకుపచ్చని కాంతి ముఖ్యంగా సుమారు 97 కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది. అంతకంటె పైన గాలి పలుచన కనుక పరమాణువులు కలుసుకోవడం అరుదు. క్రింద విడి పరమాణువులు తక్కువ. పైగా వెలుగు వెలువడక ముందే ఇతర అణువులు ఢీకొని శక్తిని హరిస్తాయి. హైడ్రోజన్ పరమాణువులు ఓజోన్‌తో చర్య జరిపినపుడు వెలువడే పరారుణ కాంతి సుమారు 87 కిలోమీటర్ల ఎత్తు నుండి వస్తుంది.

ఈ వెలుగును చదవడం వలన ప్రయోజనం గొప్పది. ఆ ఎత్తుకు బెలూన్లు చేరలేవు. ఉపగ్రహాలు అక్కడ నిలిచి పరిభ్రమించలేవు. రాకెట్లు కొద్ది నిమిషాలలో దాటిపోతాయి. కనుక అక్కడి ఉష్ణోగ్రతను, గాలి అలలను నేల మీద నుండి ప్రతి రాత్రి తెలుసుకోవడానికి వాయుదీప్తి చక్కని సాధనం. ఉరుములతో కూడిన మేఘాల నుండి పైకి సాగిన అలలు ఈ కాంతిలో చారలుగా కనిపిస్తాయి. తిరుపతి సమీపంలోని గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు కెమెరాలతో ఇటువంటి చిత్రాలు తీసి అధ్యయనం చేశారు.

కంటికి కానరాని ఈ మసక వెలుగు, మనిషి నిలువలేని చోటి సమాచారాన్ని నేలకు చేరవేస్తున్నది. చీకటి అని వదిలివేసిన దానిలోనే జ్ఞానం దొరకడం విజ్ఞానశాస్త్రంలో క్రొత్త కాదు.