బండిలో బరువు ఎక్కడ ఉండాలి?

కోతలు, నూర్పిళ్ళు అయిపోయే రోజుల్లో పల్లెటూరి దారుల మీద ధాన్యం బస్తాల బళ్ళు వరసగా పోతూ ఉంటాయి. వెనకటి కాలంలో అవి ఎడ్లబళ్ళు. ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టరు వెనక తగిలించిన ట్రైలర్లు. వీటిని కొందరు ట్రాలీ అనీ, కొందరు ట్రక్కు అనీ అంటారు. బండి మారింది గాని, బరువు సర్దే సూత్రం మారలేదు. ఆ సూత్రం తెలియకపోతే బస్తాలు దొర్లిపోవటమే కాదు, మనుషుల ప్రాణాలకే ముప్పు వస్తుంది.

ముందు ఎడ్లబండి సంగతి చూద్దాం. దానికి ఇరుసు ఒకటే. బరువు ఇరుసుకు ముందు మరీ ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను అణిచేస్తుంది. వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడలకు కట్టిన తాళ్ళు ఎడ్ల గొంతులకు బిగుసుకుంటాయి. అందుచేత అనుభవం గల బండివాడు బస్తాలు వేశాక కాడిని చేత్తో ఎత్తి చూస్తాడు. బండి కాస్త ముందుకు మొగ్గుతూ ఉంటేనే ఎడ్లను కడతాడు. కాలవగట్టు ఎక్కేటప్పుడు బరువు వెనక్కు మొగ్గుతుంది గనక తాను ముందుకు జరిగి కూర్చుంటాడు. దిగేటప్పుడు వెనక్కు జరుగుతాడు. అతను బడిలో చదవకపోయినా తులాదండ సూత్రం అతనికి బాగా తెలుసు!

ఈ సూత్రాన్ని లెక్కలతో రుజువు చేసినవాడు ఆర్కిమిడీస్ అనే గ్రీకు పండితుడు. ఆయన క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరంలో ఉండేవాడు. మీరు కూడా దీన్ని ఇంట్లో పరీక్ష చెయ్యవచ్చు. పెన్సిలును దొర్లకుండా పెట్టి, దాని మీద అడుగుబద్దను సమంగా నిలపండి. మధ్య నుంచి ఒక పక్క 6 సెంటీమీటర్ల దూరాన రెండు రూపాయి బిళ్ళలు, రెండో పక్క 12 సెంటీమీటర్ల దూరాన అలాంటిదే ఒక బిళ్ళ పెట్టండి. బద్ద ఎటూ మొగ్గదు. బరువును దూరంతో గుణిస్తే రెండు పక్కలా 12 వస్తుంది గదా!

ఇప్పుడు రెండు చక్రాల ట్రైలరును తీసుకుందాం. దాన్ని ట్రాక్టరుకు తగిలించే కొక్కెం ఇరుసుకు 3 మీటర్లు ముందుగా ఉన్నదనుకోండి. మిగతా బరువంతా సమంగా ఉండి, 75 కిలోల బస్తాలు 6 మాత్రం ఇరుసుకు 1 మీటరు వెనకగా అదనంగా పడ్డాయి. అంటే 450 కిలోలు. ఆ బరువు కొక్కేన్ని 150 కిలోల బలంతో పైకి ఎత్తుతుంది. అప్పుడు ట్రాక్టరు వెనక భాగం తేలికై, పెద్ద చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. ట్రాక్టరు బ్రేకులు సాధారణంగా ఆ చక్రాలకే ఉంటాయి. పట్టులేని చక్రానికి బ్రేకు వేస్తే ఏం లాభం? పోనీ బరువంతా ముందుకే వేద్దామా? అప్పుడు కొక్కెం మీద భారం ఎక్కువై ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. తిప్పినా బండి తిరగదు. కనుక కొద్దిగా ముందుకు మొగ్గు ఉండాలి, అంతే.

బరువు ఎత్తే ముందు బండిని చదునైన నేల మీద ఆపి, ఇంజను కట్టేసి, బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళో చెక్క దిమ్మలో పెట్టాలి. మొదటి బస్తాలు ఇరుసు మీదుగా వెయ్యాలి. తరవాత ముందొకటి, వెనకొకటిగా పేర్చుతూ రావాలి. కుడి ఎడమలు సమంగా ఉండాలి. బరువైనవి అడుగున, తేలికైనవి పైన ఉండాలి. గరిమనాభి పైకి పోయినకొద్దీ బండి పక్కకు ఒరిగే అపాయం ఎక్కువ. గడ్డి ఎత్తుగా వేసిన బండి గట్టు మలుపులో ఒరిగిపోవటానికి ఇదే కారణం. చివరకు తాళ్ళతో గట్టిగా బిగించాలి.

దించేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఊరు చేరాం, పని అయిపోయిందని తొందరపడి ట్రైలరును ట్రాక్టరు నుంచి విడదీసి, ముందు బస్తాలు దించటం మొదలుపెడితే ఏమవుతుంది? క్షణంలో బరువు వెనక్కు మొగ్గి, వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. ముందున్న ఇనప నొగ ఎగిరి అక్కడ ఉన్నవాణ్ణి కొడుతుంది. అందుచేత ట్రాక్టరుకు తగిలించి ఉండగానే దించాలి. వెనక నుంచి మొదలుపెట్టాలి. బరువుతోనే విడదియ్యక తప్పకపోతే ముందూ వెనకా కూడా గట్టి ఆధారాలు పెట్టాలి. వెనక తలుపు తెరిచేవాడు పక్కగా నిలబడాలి. లోపల బస్తాలు తలుపుకు ఆనుకొని ఉండవచ్చు. తొట్టి పైకి లేచే ట్రైలరయితే పైన కరెంటు తీగలు లేవని చూసుకోవాలి. లేచిన తొట్టి కిందికి ఎవరూ పోరాదు.

బాలలూ! ట్రాక్టరు వెనక్కు వచ్చేటప్పుడు దానికీ ట్రైలరుకూ మధ్య నిలబడవద్దు. నొగ మీద గాని, బస్తాల మీద గాని ఎక్కి ప్రయాణం చెయ్యవద్దు. ఈసారి మీ ఊళ్ళో బస్తాలు ఎత్తుతూ ఉంటే దూరంగా నిలబడి చూడండి. మొదటి బస్తా ఎక్కడ పడిందో, దించేటప్పుడు ఏది ముందు దిగిందో గమనించండి. ఆ బండికి తులాదండ సూత్రం తెలిసిన మనిషి బరువు వేశాడో లేదో మీరే చెప్పగలుగుతారు.